ఇక్కడ బోరు వెయ్యకూడదురా, రమణా

కవరత్తి, లక్షదీవులు

ఒరే రమణా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. వానాకాలంలో ఓడలు వేళకి రావు, రాసిన ఉత్తరం కూడా టపా సంచిలోనే పడుంటుంది. నేను బాగానే ఉన్నాను. అమ్మకి మోకాలినొప్పి తగ్గిందా? చిన్నోడి కాలేజీ సంగతి ఇంకోసారి. ముందు నువ్వడిగినదానికి చెప్పాలి. "చుట్టూ సముద్రం ఉంటే ఉండనీ, మంచి పాయింటు చూసి ఒక బోరు వేసుకుంటే పోలా" అని ఎంత తేలిగ్గా రాసేశావురా!

వెయ్యకూడదు. బోరు వేసేటప్పుడు నువ్వనే "ఇంకో యాభై అడుగులు" మాట ఇక్కడ తిరగబడుతుంది. అనంతపురంలో లోతుకి పోయేకొద్దీ ఆశ. ఇక్కడ లోతుకి పోయేకొద్దీ ఉప్పు.

ఎందుకో విను. ఈ దీవులు పగడపు ఇసుక. కొండ లేదు, వాగు లేదు, ఏరు లేదు. వానకేం తక్కువ లేదు, ఏడాదికి సుమారు 1,600 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురంలో పడేదానికి దాదాపు మూడింతలు. పడింది పడినట్టు ఇసుకలోకి దిగిపోతుంది. కింద అప్పటికే సముద్రపు నీరు ఉంది. లీటరు మంచినీళ్లు 1,000 గ్రాములు, లీటరు సముద్రపు నీళ్లు సుమారు 1,025. ఆ 25 గ్రాముల తేడాతోనే మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ నిలబడుతుంది. ఊతప్పంలాగా దీవి నడుమ మందంగా, అంచుల్లో పల్చగా.

అసలు లెక్క ఇక్కడుంది. సముద్రమట్టం కన్నా మంచినీరు ఒక జానెడు పైకి ఉంటే, కిందికి నలభై జానెలు ఉంటుంది. అది కాగితం మీద లెక్క. నిజానికి సముద్రపు ఆటుపోట్లు రోజూ రెండుసార్లు ఆ నీటిని పైకీ కిందికీ ఊపుతాయి, నడుమ రెండు నీళ్లూ కలిసిన చవిటి పొర తయారై చాలా భాగం తినేస్తుంది. ఇప్పుడు నీ మోటారు పెట్టు. పైన నీటిమట్టం ఒక అడుగు దిగితే, సరిగ్గా దాని కిందే ఉప్పునీరు నలభై అడుగులు పైకి పొడుచుకు రావాలని చూస్తుంది. ఒకసారి బావిలోకి ఉప్పు ఎక్కిందంటే మోటారు కట్టేసినంత మాత్రాన దిగదు. మళ్లీ వానలు బాగా పడి, పైనుంచి నెట్టాలి.

అందుకే ఇక్కడి బావులు లోతు తక్కువ, నోరు వెడల్పు. నాలుగైదు మీటర్లు తవ్వితే చాలు, నీళ్లు కనబడతాయి, అక్కడే ఆపాలి. కొంచెం కొంచెం, చాలాచోట్ల నుంచి తోడాలి. ఎక్కువ కావాలంటే కిందికి కాదు, అడ్డంగా పోవాలి. నీటిమట్టానికి కాస్త దిగువన చిల్లుల పైపులు పరిచి, ఆ నీటిని ఒక తొట్టిలోకి లాగాలి. నీటిజాడ కోసం కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే మన పెద్దాయన్ని ఇక్కడికి తెస్తే పాపం ఆయన కాయ ఎక్కడా పడుకోదు, ఊరంతా పాయింటే!

ఇంకో చిక్కు. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు, మనుషులుండేది 36 దీవుల్లో పదింటిలోనే, 2011 లెక్కల్లో 64,473 మంది. అంటే చదరపు కిలోమీటరుకి రెండు వేలకి పైగా. ఇంటింటికీ బావి, దాని పక్కనే మరుగుదొడ్డి గుంత. పగడపు ఇసుకలో మురుగు వడకట్టుకునే లోపే బావిలో తేలుతుంది. ఉప్పు లేని బావి దొరికినా తాగడానికి భయమే. ఇది తలచుకుంటే నాకు నిజంగా దిగులేస్తుంది.

కాబట్టి ఇంటి కప్పు మీది వాన పట్టుకోవాలి. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు పడితే వంద లీటర్లు. మొదటి జల్లు వదిలెయ్యాలి, ఉప్పుగాలి తెచ్చిన పొరా పక్షిరెట్టా అందులోనే ఉంటాయి. తొట్టి ఎంత పెద్దదన్నదే ముఖ్యం, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన బాగా తక్కువ.

ఇక అసలు అద్భుతం! 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు ఇక్కడే పెట్టారు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే, రోజుకి లక్ష లీటర్ల ప్లాంటు. వడపోత పొరలు లేవు, కాచే పొయ్యి లేదు. సముద్రం పైనీరు 28 డిగ్రీలు, 350 మీటర్ల లోతున దాదాపు 12. గాలి లాగేసిన గదిలో పీడనం బాగా తగ్గిస్తే నీరు 22 డిగ్రీలకే మరుగుతుంది. 28 డిగ్రీల నీరు అందులో పడగానే ఆవిరి ఎగుస్తుంది, లోతునుంచి తెచ్చిన చల్లనీరు పారే గొట్టాలకి తగిలి మంచినీరై కారుతుంది. నూరు లీటర్లు పంపితే సుమారు ఒక లీటరు! మిగతాది సముద్రానికే, ఉప్పు పెద్దగా పెరగకుండానే. దీవి దాటి కొన్ని వందల మీటర్లు పోతే అంత లోతు దొరకడం వల్లే ఇది సాధ్యం, మన కాకినాడలో కుదరదు. కష్టమంతా ఆ పైపుదే, వానాకాలపు అలలకి తట్టుకోవాలి. గదికి సన్నని సందు ఉన్నా పీడనం దిగదు, నీళ్లలో కరిగిన గాలి కూడా బయటికొస్తుంది కాబట్టి పంపు ఆగకూడదు. పంపులకి కరెంటు, కరెంటుకి ఎక్కువగా డీజిలు, డీజిలుకి కేరళ నుంచి పడవ. ఆ వేడి తేడాతోనే కరెంటు తీసే పని కూడా మొదలుపెట్టారు, అది గనక నిలబడితే...

ఈ దీవుల సంగతులు మిగతావి గబగబా. అసెంబ్లీ లేదు. కేంద్రం పంపిన అడ్మినిస్ట్రేటరు, ఒక్క ఎంపీ, హైకోర్టు కేరళది. 1964 దాకా ఆఫీసు కూడా కోళికోడ్‌లోనే ఉండేది. బతుకు కొబ్బరి, ట్యూనా చేప. గాలం కర్రతో ఒక్కొక్కటే లాగుతారు, ఉప్పునీళ్లలో ఉడికించి, పొగబెట్టి, ఎండేస్తారు, నెలల తరబడి నిలవుంటుంది. ఇళ్లూ తోటలూ తల్లివైపు నుంచి వస్తాయి. మినికాయ్‌ దీవిలో అయితే భాషే వేరు, మాల్దీవుల వాళ్ల మాటకి దగ్గర. అక్కడి పడవల గురించి చెప్పాలంటే...

సంచి కట్టేస్తున్నారట, పిలుస్తున్నారు. వచ్చేట్టయితే ఇప్పుడే పర్మిటుకి పెట్టు, అది లేకుండా ఓడ ఎక్కనివ్వరు. రిగ్గు మాత్రం తేకు!

నీ
శీను