ఉద్యోగం ఇస్తున్నారా, ఊరేగిస్తున్నారా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో జాబ్ మేళా ఫొటోలు వేశారు. ఆఫర్ లెటర్లు పట్టుకున్న పిల్లల్ని చూస్తే ఎవరికైనా సంతోషమే. ఆ తర్వాత ‘బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్’ పేరుతో, అంటే ఉద్యోగంలో చేరేవాళ్ల గురించి చేసే వాకబుతో, వాళ్లు పడే అగచాట్ల గురించీ ఒక ముక్క రాయాల్సింది.

మా వీధి కుర్రాడికి రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. వాకబుకు కంపెనీ తరఫున ఒక ఏజెన్సీ మనిషి బైకు మీద వచ్చాడు. ఇంటికి పోకుండా వీధి చివర టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఫోన్‌లో ఆ అబ్బాయి ఆధార్ కార్డు అందరికీ చూపిస్తూ ‘ఇతను ఎలాంటోడు? తాగుతాడా? కేసులేమన్నా ఉన్నాయా?’ అని అడిగాడు. ఎప్పుడో స్థలం తగాదాలో పెట్టిన కేసు, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, మళ్లీ అందరి నోళ్లలో పడింది.

అంతటితో ఆగిందా? కొత్తగా చేరేవాళ్ల వాట్సాప్ గ్రూపులో కంపెనీవాళ్లు ఒక ఎక్సెల్ షీట్ పెట్టారు. పేరు, పుట్టిన తేదీ, పాత జీతం, చివరి గడిలో ‘రిమార్క్స్’. ఇతని పేరుకు ఎదురుగా ఎర్ర అక్షరాల్లో ‘కేస్’. కాసేపటికి డిలీట్ చేశారట. అందరూ చూశాక చేసి ఏం లాభం?

వాకబు వద్దని నేననను. డిగ్రీ సంగతి యూనివర్సిటీని అడగండి. కేసుల సంగతికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఉండనే ఉంది. తెలుసుకున్నది చూడాల్సినవాళ్లు చూడాలి గానీ గ్రూపుల్లో తిప్పడమేంటి?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టులోనే తేల్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అందులోనూ ముఖ్యమైనవి అమలు కావడానికి మరో 18 నెలలు గడువట! డేటాను భద్రంగా ఉంచకపోతే రూ.250 కోట్ల దాకా జరిమానా అని ఘనంగా రాసుకున్నారు. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వెసులుబాటూ అదే చట్టంలో ఇచ్చారు. ఇక కంపెనీలకు టెన్షన్ ఎందుకు?

అసలు మన తిరుపతిలో ఆధార్ జిరాక్స్‌కు విలువే లేదు. లాడ్జిలో గదికి ఇవ్వాలి, సిమ్‌కు ఇవ్వాలి, అద్దె ఇంటికి ఇవ్వాలి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తోంది. అది చూపిస్తే ‘ఇది చెల్లదు, ఫుల్ కార్డు తే’ అంటారు. ప్రభుత్వ ఆఫీసులేమన్నా తక్కువా? దరఖాస్తుల కట్టలు వరండాలోనే పడుంటాయి, ఎవరు తిరగేసినా అడిగే నాథుడు లేడు.

మేళాలో స్టేజీ ఎక్కి ఫొటోలు దిగే అధికారులు, వచ్చిన కంపెనీల చేత ఒక్క కాగితం రాయించుకోలేరా? పిల్లల వివరాలు ఎవరు చూస్తారు, ఏ ఏజెన్సీకి ఇస్తారు, ఉద్యోగం రానివాళ్లవి ఎప్పుడు తీసేస్తారు, తప్పు రాస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ షీట్‌లో పేర్లు పడ్డవాళ్లలో ఒక్కరికైనా కంపెనీ ఫోన్ చేసి ‘పొరపాటైంది’ అన్నట్టు నేనైతే వినలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కొర్లగుంట, తిరుపతి