పాత మందుసీసాలు తూకానికి పోనివ్వకండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

వన్‌టౌన్‌లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. అటకల మీది మందుసీసాలన్నీ పాతసామాన్ల కొట్లకి చేరుతున్నాయి. వాళ్లు వాటిని నీళ్లలో నానబెట్టి, లేబుళ్లు గీకేసి, గాజు కింద అమ్మేస్తున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

మా ఇంట్లో ఒక మిక్చర్ సీసా, అంటే కాంపౌండరు కలిపి ఇచ్చే నీళ్ల మందు సీసా, ఉంది. లేత ఆకుపచ్చ గాజు, అందులో సన్నటి గాలిబుడగలు. పక్కన నిలువునా, అంచు గాట్లు పెట్టి కత్తిరించిన కాగితం అంటించి ఉంది. గాటుకో డోసు. చదువు రానివాళ్లకి కూడా పూటకెంత తాగాలో తెలియాలని కాంపౌండరు కత్తెరతో చేసిన ఏర్పాటు అది. ఆ రోజుల్లో సీసా మనమే కడిగి పట్టుకెళ్లాలి. అందుకే పాత కాగితం మీద కొత్తది, దాని మీద ఇంకొకటి అంటించి ఉన్నాయి. ఆ ఇంటికి జబ్బు ఎన్నిసార్లు వచ్చిందో ఆ పొరలు లెక్కపెడితే కొంత తెలుస్తుంది.

మన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నాటివి. ఆసుపత్రి రిజిస్టర్లలో గుమ్మం ఎక్కినవాళ్లే ఉంటారు. తలనొప్పికి రాసుకున్న అమృతాంజనం, చంటిపిల్లకి పట్టిన గ్రైప్ వాటర్, మన్యం జ్వరానికి (మలేరియాకి) ఇంట్లోనే మింగిన క్వినైన్ ఏ రిజిస్టరుకీ ఎక్కలేదు. మన కోస్తాని పీడించిన బోదకాలుకి 1947లో హెట్రజాన్ అనే మందు వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలో తయారైన మందు అది. దాని ఖాళీ సీసా ఒక్కటి దొరికినా మన పిల్లలకి చూపించాలా వద్దా?

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఈ సీసాలకి ఒక గది ఇప్పించండి. మెడికల్ కాలేజీలో మందుల గురించి చెప్పే ఫార్మకాలజీ విభాగం వాళ్లని తోడు చేయండి. అడుగున మిగిలిన మందు ప్రమాదం కావచ్చు. ఒంటి మీద గీతలు తేలిన నీలం సీసాలైతే మరీ జాగ్రత్త. చీకట్లో చేతికి తగిలినా విషమని తెలియాలని అలా పోతపోసేవారు.

ఈలోగా ఒక్క పని వెంటనే చేయించండి. ఇల్లు కూల్చడానికి అనుమతి ఇచ్చేటప్పుడే, పాత సీసాలు దొరికితే మూత తీయొద్దు, కడగొద్దు, లేబుల్ తడపొద్దు, వార్డు సచివాలయంలో చెప్పండి అని యజమాని చేతికి ఒక నోటీసు ఇవ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
వన్‌టౌన్ నివాసి