వద్దని తేలినా అది ఫలితమే: శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

పరిశోధనశాలలో పుట్టిన టెక్నాలజీని మార్కెట్‌కు తేవాలని తాపత్రయపడే బృందాలకు కొన్నేళ్లుగా సలహాదారుగా ఉంటున్నాను. తాము తయారుచేసింది ఎవరికి, ఏ పనిలో, ఎంత అవసరమో ఆ మనుషుల నోటనే వినడం ఎలాగో ఈ పరిశోధకుల్లో చాలామందికి ఎవరూ నేర్పడం లేదు. మీ శాఖ ఇచ్చే నిధుల్లో ఆ శిక్షణ ఒక భాగం కావాలని అడగడానికే ఈ లేఖ.

నాకు తెలిసిన ఒక బృందం రక్తంలో ఇన్ఫెక్షన్‌ను త్వరగా పట్టే పరికరం చేసింది. చూపించిన ప్రతి డాక్టరూ "చాలా బాగుంది, వాడతాం" అన్నారు. ఆ మాట నమ్మి వాళ్లు పరికరం వేగం ఇంకా పెంచడం మీదే కాలమంతా పెట్టారు. చివరికి వాళ్లలో ఒకమ్మాయి ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ పక్కన ఒక పూట కూర్చుంది. శాంపిళ్లు వార్డుల నుంచి ఎప్పటికప్పుడు రావడం లేదు. ట్రే నిండాక అన్నీ కలిపి పంపుతున్నారు. ఆలస్యమంతా అక్కడే జరుగుతుంటే, పరికరం ఎంత వేగంగా పనిచేసినా రోగికి ఒరిగేదేముంది? పైగా కొనాలా వద్దా అన్నది తేల్చేది మెచ్చుకున్న డాక్టర్లు కారు, కొనుగోలు విభాగం. వాళ్లను అప్పటిదాకా ఎవరూ కలవనే లేదు.

"ఇది బాగుందా?" అంటే ఎదుటివాళ్లు మొహమాటానికైనా బాగుందంటారు. పరికరాన్ని సంచిలోంచి తీయకుండా, "పోయినసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు? ఎంత ఖర్చయింది? ఎవరి సంతకం కావాల్సొచ్చింది?" అని అడిగి, ఆ తర్వాత మాట్లాడకుండా వినాలి. ఏళ్ల తరబడి సదస్సుల్లో తమ పని గురించి వివరించి చెప్పడానికి అలవాటుపడ్డవాళ్లకు ఇది నిజంగా కష్టం. దగ్గరుండి సాధన చేయిస్తేనే వస్తుంది.

అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లోనే ఐ-కోర్ పేరుతో ఈ పని మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో స్టీవ్ బ్లాంక్ అనే వ్యాపారవేత్త చెప్పిన కోర్సు దానికి ఆధారం. జాతీయ స్థాయి శిక్షణలో ఒక్కో బృందం ఏడు వారాల్లో సుమారు 100 మందిని కలిసి మాట్లాడాలి. పరిశోధకుడు, వ్యాపార బాధ్యత తీసుకునే వ్యక్తి, అనుభవమున్న సలహాదారు ముగ్గురూ అందులో ఉంటారు. ఇందుకు 50,000 డాలర్ల దాకా ఇస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ముందుకెళ్లాలా ఆగాలా అని చివర్లో బృందాన్నే తేల్చుకోమనడం.

నేను చూసిన మన నివేదిక ఫారాల్లో పేటెంట్లకు గడి ఉంది, నమూనా పరికరాలకు ఉంది, రిజిస్టరైన కంపెనీలకు ఉంది. "వాడేవాళ్లను కలిశాం, దీని అవసరం లేదని తేలింది" అని రాయడానికి మాత్రం చోటు లేదు. అలా రాస్తే తర్వాతి నిధులు ఆగిపోతాయన్న టెన్షన్‌తో, ఎవరికీ అక్కర్లేదని తెలిసిన దాన్నే సాగదీస్తున్న తెలివైన పిల్లలను చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ ఏళ్లు వాళ్లకు మళ్లీ రావు.

తర్వాతి విడత నిధుల ప్రకటనలోనే ఆ గడి చేర్చండి. నమూనాకు డబ్బు విడుదల చేసే ముందే ఈ శిక్షణకు, ప్రయాణాలకు కొంత ఇవ్వండి. వాడేవాళ్లను కలవడానికి పరిశోధకులే వెళ్లాలి, సర్వే ఏజెన్సీకి అప్పగిస్తే కుదరదని నిబంధన పెట్టండి. అలా తిరిగిన రోజులను సెలవుగా కాక డ్యూటీగానే లెక్కించమని సంస్థలకు ఉత్తర్వు ఇవ్వండి. చివరిది లేకపోతే మిగతావి కాగితం మీదే ఉండిపోతాయి, ఎందుకంటే అనుమతి దొరక్క ఆగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

గౌరవంతో,
పరిశోధక బృందాల సలహాదారు