కండరాన్ని నరం అనకండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

రాయాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను. మీ ఆదివారం ఆరోగ్య పేజీలో మస్కులర్ డిస్ట్రోఫీ అనే కండరాల జబ్బు గురించి వచ్చిన వ్యాసం సంగతి ఇది. ‘నరాల జబ్బు’ అని పైన పెద్దక్షరాలతో వేశారు. లోపల ఒకచోట నరాల బలహీనత అన్నారు, ఇంకోచోట కండరాల క్షీణత అన్నారు, చివరికి వచ్చేసరికి పిల్లల పక్షవాతం అన్నారు. ఒకే జబ్బుకు ఇన్ని పేర్లా? వాటిలో కండరాల క్షీణత ఒక్కటే కాస్త దగ్గరగా ఉంది. మిగతావన్నీ తప్పే.

ఆ పేజీ మా ఇంట్లో ముందు చదివింది నేను కాదు, మా అమ్మాయి కొడుకు. వాడికి పన్నెండేళ్లు. చక్రాల కుర్చీకి అడ్డంగా పెట్టిన చెక్క మీద పేపరు పరిస్తే చదువుకుంటాడు, చేతులెత్తి పట్టుకోలేడు. ‘తాతయ్యా, నాది కండరాల జబ్బన్నావుగా, పేపర్లో నరాల జబ్బని వేశారేంటి?’ అని అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. మీ పేపరు తప్పు రాసిందని వాడికి నచ్చజెప్పడానికి నా పాత పాఠ్యపుస్తకం తీసి చూపించాల్సి వచ్చింది.

మన వాడుకలో నరం అన్నమాట చాలా వాటికి చెల్లుతుందని నాకు తెలుసు. పిక్క పట్టేస్తే నరం పట్టేసిందంటాం, అది కండరం. నరానికి ఇంజక్షన్ వేశారంటాం, అది సిర. ముసలివాళ్ల చేతి మీద నరాలు తేలాయంటాం, అవీ సిరలే. మడమ వెనక తెగితే నరం తెగిందంటాం, అది స్నాయుబంధనం, కండరాన్ని ఎముకకు కట్టే తాడు. ఇంట్లో, పొలంలో మాట్లాడుకునేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆరోగ్య పేజీ అని పేరుపెట్టి అచ్చువేసేవాళ్లు ఆ తేడా పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు? అదే పేపర్లో ఆటల పేజీలో క్రికెటర్ తొడ కండరాలు పట్టేయడంతో మైదానం వీడాడని చక్కగా రాస్తారు. ఆటగాడి కండరం కండరంగానే ఉండి, మా పిల్లల కండరం నరంగా ఎందుకు మారుతుందో నాకు అర్థం కాదు.

‘నరాల బలహీనత’ అన్నమాట ఊళ్లలో గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల దగ్గర ఏ మందుల ప్రకటనల్లో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ల పిల్లాడి జబ్బుకు అదే పేరు పెడితే, బడిలో తోటి పిల్లలు ఏమంటారో ఒక్కసారి ఆలోచించండి.

మా వాడిది డుషేన్ రకం. 1860లలో డుషేన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన జబ్బు. కండర కణం పొర చిరిగిపోకుండా కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ ఈ పిల్లల్లో తయారుకాదు. దాని సంగతి 1987లో బయటపడింది. ఆ ప్రోటీన్ లేక, కదిలినప్పుడల్లా కండరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది, ఆ చోటులో కొవ్వు చేరుతుంది. మొదట తొడలు, తుంటి, తర్వాత భుజాలు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు, గుండె కండరం. నరాలు బాగానే ఉంటాయి. మెదడు నుంచి కబురు సక్రమంగానే వస్తుంది, అందుకునే కండరమే చిక్కిపోతుంది. ఇంత చిన్న విషయం రెండు వాక్యాల్లో రాయొచ్చు.

పేరు తప్పయితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. నాలుగేళ్లప్పుడు వాడు మెట్లెక్కలేక ఆయాసపడేవాడు. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు వేసి, ఆ చేతుల్నే తొడల మీదికి పాకించుకుంటూ లేచేవాడు. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉండేవి. ‘పహిల్వాన్ అవుతాడు మాస్టారూ’ అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిశాను. లేవడంలోని ఆ తీరును 1879లోనే గోవర్స్ అనే ఇంగ్లండు వైద్యుడు రాసిపెట్టాడు. ఆ పిక్కల లావు బలం కాదని కూడా వైద్య విద్యార్థులందరూ చదువుతారు. మేం చూపించిన మొదటి డాక్టరుగారు రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ ఎక్కువుందని ఐదు నెలలు లివర్‌కు మందులిచ్చారు. ఆ ఎంజైము దెబ్బతిన్న కండరం నుంచి కూడా వస్తుందని ఎవరూ అనుకోలేదు. తర్వాత ఇంకొకరు నరాల బలానికని ఏడాది పాటు విటమిన్ సూదులు వేశారు. చివరికి ఒక పెద్దాయన వాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమన్నారు. లేచిన తీరు చూసి, సీపీకే పరీక్ష ఒక్కటి రాశారు, దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమును కొలిచేది. రెండొందల లోపు ఉండాల్సింది పద్నాలుగు వేలు దాటింది. ఆ పరీక్ష మొదటి రోజే రాసి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి. స్టెరాయిడ్లు కాస్త ముందుగా మొదలుపెట్టి ఉండేవాళ్లం. అవి జబ్బును తగ్గించవు, నడిచే రోజుల్ని కొంత పొడిగిస్తాయి. మా అమ్మాయికి ఆ కొంతే కావాల్సింది.

పైగా అందరూ అడిగింది మేనరికమా అని. మా అమ్మాయిది మేనరికం కాదు. ఈ రకం తల్లి వైపు ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది, దాదాపు మూడో వంతు పిల్లల్లో తల్లిలో కూడా ఆ లోపం ఉండదు. మీ వ్యాసం మాత్రం ‘దగ్గరి సంబంధాలే కారణం’ అని తేల్చేసింది. కొన్ని ఇతర రకాల్లో అది నిజం కావచ్చు, డుషేన్‌లో కాదు. ఆ ఒక్క వాక్యం చదివి ఎన్ని ఇళ్లల్లో కోడళ్లు మాటలు పడ్డారో మీకు తెలియదు.

‘క్రమం తప్పని వ్యాయామంతో కండరాలు తిరిగి పుంజుకుంటాయి’ అనీ రాశారు. చెయ్యి విరిగి కట్టు కట్టినప్పుడు కండ తగ్గడం ఒకటి, దాన్ని ఎట్రోఫీ అంటారు. అది వ్యాయామంతో తిరిగొస్తుంది. డిస్ట్రోఫీ వేరు. రెండింటినీ క్షీణత అనే రాస్తే పాఠకుడికి తేడా ఎలా తెలుస్తుంది? ఈ పిల్లల చేత బరువులు ఎత్తిస్తే, గుంజీలు తీయిస్తే ఉన్న కండరం ఇంకా త్వరగా పాడవుతుంది. కీళ్లు బిగుసుకోకుండా మెల్లగా సాగదీయాలి.

పదహారు కోట్ల ఇంజక్షన్ వార్తలప్పుడూ ఇదే గందరగోళం. అది ఎస్ఎంఏకు, అంటే స్పైనల్ మస్కులర్ ఎట్రోఫీ అనే వేరే జబ్బుకు. ఆ జబ్బులో లోపం వెన్నుపాములోని నాడీకణాల్లో ఉంటుంది. నాడీకణాల జబ్బును కండరాల జబ్బన్నారు, కండరాల జబ్బును నరాల జబ్బంటున్నారు. ఆ వార్త చూసి మా బంధువులు చందాలు పోగుచేస్తామని ఫోన్లు చేశారు. అది మావాడికి పనికిరాదని చెప్పడానికి మా అల్లుడికి నోరు రాలేదు.

ఇక కాగితాల సంగతి. మొదటిసారి సదరం క్యాంపుకు తీసుకెళ్తే సర్టిఫికెట్‌లో పోలియో అని ఎక్కించారు. మావాడు పుట్టింది 2013లో. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో. 2014లో పోలియో లేని దేశమని ప్రకటించారు కూడా. అది చెప్తే కంప్యూటర్ ముందున్న అబ్బాయి ‘ఏదైతేనేం మాస్టారూ, అన్నీ కాళ్లవేగా’ అన్నాడు. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే ఉండేవి. 2016 చట్టం ఇరవై ఒకటి చేసి మస్కులర్ డిస్ట్రోఫీని పేరుపెట్టి చేర్చింది. 2024 నుంచి మన రాష్ట్రంలో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర మస్కులర్ డిస్ట్రోఫీ వాళ్లకు నెలకు పదిహేను వేల పింఛను ఉంది, మామూలు వికలాంగ పింఛను ఆరు వేలు. అంటే కాగితం మీద ఒక్క మాటకు నెలకు తొమ్మిది వేలు తేడా. ఆ మాట మార్పించడానికి పద్నాలుగు నెలలు తిరిగాం. ప్రతిసారీ కారు మాట్లాడుకుని, వాణ్ని ఎత్తుకుని మెట్లెక్కాలి. వికలాంగులు వచ్చే గదికి ర్యాంపు లేదు. అధికారులకు ఎన్ని అర్జీలు పెట్టినా రసీదులే మిగిలాయి.

బళ్లలోనూ ఇప్పుడు ఈ మాటలు నేర్పేవాళ్లు కరువయ్యారు. నియంత్రిత కండరాలు, అనియంత్రిత కండరాలు, హృదయ కండరం అని మా పిల్లలు గడగడా చెప్పేవారు. ఇప్పటి పిల్లలకు తెలుగు మాట రాదు, ఇంగ్లిషు మాటకు అర్థం తెలియదు. రేపు ఆ ఆరోగ్య పేజీ రాసేది వాళ్లే.

నేను కోరేది ఎక్కువేమీ కాదు. సవరణ వేయండి, అదే పేజీలో, అదే సైజులో. మస్కులర్ డిస్ట్రోఫీ అన్న ఇంగ్లిషు మాటే రాసినా నాకు అభ్యంతరం లేదు, నరాల జబ్బని మాత్రం రాయకండి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో డుషేన్ ఉందనీ, దానికింద హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారనీ ఒక ముక్క చేర్చండి. మీ వ్యాసంలో అది లేదు, చదివే తల్లిదండ్రులకు ముందు కావాల్సింది అదే. ఆ పేజీ చూసే సబ్ ఎడిటర్‌కు ఏ మాట దగ్గరైనా అనుమానం వస్తే నన్ను అడగమనండి. నా నంబరు కవరు మీద రాశాను. ఎంత రాత్రయినా ఫర్వాలేదు. వాడు తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేడు కాబట్టి పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి నేను ఎలాగూ లేస్తాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా