నీలం పువ్వు బొమ్మేసి కాశీరత్నం పంపారు, దీనికేమంటారు?

కస్టమర్ కేర్ వాళ్ళకి నమస్తే అండి,

ఇది మీకు నేను పెడుతున్న మూడో మెయిల్. ముందు రెండిటికీ "మీ కంప్లైంట్ రిజాల్వ్ అయ్యింది" అని రిప్లై వచ్చింది, ఏం రిజాల్వ్ అయ్యిందో నాకు మాత్రం అర్థం కాలేదు, అందుకే ఈసారి మొదట్నించీ పూస గుచ్చినట్టు రాస్తున్నా, దయచేసి మెషీన్ కాకుండా మనిషే చదవండి.

జూన్ మొదటివారంలో మీ సైట్‌లో మార్నింగ్ గ్లోరీ అనే పూలతీగలో "హెవెన్లీ బ్లూ" అనే నీలం రకం విత్తనాలు రెండు ప్యాకెట్లు కొన్నాను. ఒక్కోటి 149, డెలివరీ 60, మొత్తం 358 రూపాయలు. మాది రాజమండ్రి అండి. పక్కనే కడియం నర్సరీలు పెట్టుకుని విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుందట అని మా వీధిలో ఇప్పటికీ నవ్వుతున్నారు. నేనేం చెయ్యను, మీ ప్యాకెట్ మీద బొమ్మ అలాంటిది, ఆకాశం రంగు గిన్నెల్లాంటి పూలు, లోపల తెల్లగా, గొంతులో కాస్త పసుపు. మా బాల్కనీ గ్రిల్ తూర్పు వైపు, కార్తీకమాసానికి దాన్నిండా అవి పూసుంటే పొద్దున్నే కాఫీ తాగుతూ చూసుకోవచ్చని ఆశ, అంతే. మా అత్తగారైతే ఆ బొమ్మ చూసి "ఇది కాలవగట్టున లొట్టపీసు పువ్వు కదే, దీనికి మూడొందలా" అన్నారు. రెండూ ఒకే కుటుంబంవేలెండి, ఆవిడ మరీ తప్పేం అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ప్యాకెట్‌కి 25 గింజలన్నారు, మొదటి దాంట్లో లెక్కపెడితే 22. పోనీలే అనుకున్నా. కానీ చూడగానే అనుమానం వచ్చింది, మార్నింగ్ గ్లోరీ గింజ నల్లగా బత్తాయి తొనలాగా మూడు మూలలతో ఉంటుంది, ఇవేమో సన్నగా పొడుగ్గా ఉన్నాయి. రెండో ప్యాకెట్‌లోవి తొనల్లానే ఉన్నాయి కాబట్టి రకరకాలుగా ఉంటాయేమోలే అని సర్దుకున్నా, అదే నా తప్పు.

మీ ప్యాకెట్ వెనకాల "మట్టి మీద చల్లండి, నీడలో ఉంచండి, మూడు రోజుల్లో మొలక, 30 రోజుల్లో పూలు" అని రాశారు. అది ఎవరు రాశారో గానీ ఈ తీగని ఎప్పుడూ పెంచలేదు. దీని గింజ పైపెంకు రాయిలాగా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోవు, అందుకని ఒక్కోదానికి గుండ్రటి వైపు గోళ్ళ కట్టర్‌తో కొంచెం గంటు పెట్టి రాత్రంతా నానబెట్టాలి, పొద్దుటికి ఉబ్బనివి ఏరి మళ్ళీ గంటు పెట్టాలి, అర అంగుళం లోతున పాతాలి, తర్వాత నీడ కాదు, కనీసం ఆరుగంటల ఎండ కావాలి. వేళ్ళు కదిపితే అలుగుతుంది కాబట్టి ఒక కుండీ నుంచి ఇంకోదానికి మార్చకూడదు. ఇవన్నీ నేను చేశానండి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో గింజా గోటికింద పట్టుకుని. మొదటి ప్యాకెట్‌లో 22కి 9 మొలిచాయి. రెండో దాంట్లో 20 పాతితే 7. మిగతా 5 గింజలు నా దగ్గరే దాచాను, ఎందుకో కింద చెప్తా.

మొదటి ప్యాకెట్‌వి మొలిచినప్పుడు బీజదళాలు, అంటే గింజ నుంచి మొట్టమొదట వచ్చే రెండు ఆకులు, సన్నటి వి ఆకారంలో వచ్చాయి. అసలు మార్నింగ్ గ్లోరీకి అవి సీతాకోకచిలుక రెక్కల్లా వెడల్పుగా, మధ్యలో చీలి ఉంటాయి, ఆ తర్వాత గుండె ఆకారంలో ఆకులొస్తాయి. వీటికి వచ్చింది దువ్వెన పళ్ళలాంటి ఆకు. ఇంకేముంది, కాశీరత్నం! ఎర్రటి నక్షత్రాల్లాంటి బుల్లి పూలు. మా అత్తగారు భలే సంబరపడి రోజూ శివుడికి పెట్టుకుంటున్నారు, తేనెపిట్టలు కూడా వస్తున్నాయి, కాశీరత్నాన్ని నేనేమీ అనట్లేదు, కానీ నేను డబ్బులు కట్టింది దానికి కాదు కదా.

రెండో ప్యాకెట్ మీదే ఆశ పెట్టుకున్నా. తీగలు బాగానే పాకాయి, తాళ్ళు కట్టాను, సెప్టెంబర్ చివర మొగ్గలొచ్చాయి, ఎర్రటి ఊదా రంగులో. ఫొటో పంపితే మీ కస్టమర్ కేర్ అమ్మాయి "మేడమ్ మొగ్గ అలాగే ఉంటుంది, విచ్చుకుంటే బ్లూ అవుతుంది, వెయిట్ చెయ్యండి" అంది. అది నిజమే, హెవెన్లీ బ్లూలో మొగ్గ ఎర్రగా ఉండి విచ్చుకునేటప్పుడు రేకుల కణాల్లో పులుపు తగ్గి, పీహెచ్ 6.6 నుంచి 7.7 దాకా పెరిగి నీలం తిరుగుతుంది. అందుకే నమ్మి నాలుగున్నరకి లేచి టార్చి పట్టుకుని బాల్కనీలో కూర్చున్నా, దోమలు పీక్కుతిన్నాయి, మొగ్గ మెల్లిగా మెలిక విప్పుకుంటూ తెల్లారేసరికి పూర్తిగా విచ్చుకుంది. గులాబీ రంగు. పదకొండింటికి ముడుచుకుపోయింది, అప్పుడూ గులాబీయే. ఏడు తీగల్లో ఒక్కదానికీ నీలం రాలేదు, రెండు ముదురు ఊదా, ఐదు గులాబీ. కాడ మీద చెయ్యి పెడితే నూగుగా వెంట్రుకలు తగుల్తున్నాయి, హెవెన్లీ బ్లూ కాడ నున్నగా ఉంటుంది, అంటే రకమే వేరు, పర్పురియా అనే మామూలు మార్నింగ్ గ్లోరీ అన్నమాట.

ఇది చెప్తే "మీరు నీళ్ళు ఎక్కువ పోసుంటారు, మట్టి తేడా వల్ల కలర్ మారుతుంది, ప్లాంట్స్ లివింగ్ థింగ్స్ కదా మేడమ్" అన్నారు. నీళ్ళు ఎక్కువైతే గింజ కుళ్ళుద్ది, ఎరువు ఎక్కువైతే ఆకులే వచ్చి పూలు రావు, ఒప్పుకుంటా, అంతేగానీ నీళ్ళు ఎక్కువ పోసినంత మాత్రాన కాడకి వెంట్రుకలు మొలుస్తాయా అండి?

ఇంకో రెండు విషయాలు. ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ఉండాల్సిన చోట మీ ఆఫర్ స్టిక్కర్ అంటించారు. పీకి చూస్తే కింద ఏమీ లేదు, ఖాళీ. ప్యాకెట్ సరుకు అమ్మేటప్పుడు అది రాయాలి కదా. రెండోది నాకు నిజంగా కోపం తెప్పించింది. వీటితోపాటు ఫ్రీ గిఫ్ట్ అని సబ్జా గింజలు అదే రంగు, అదే సైజు కవర్లో పంపారు. సబ్జా తినేది. మార్నింగ్ గ్లోరీ గింజ కడుపులోకెళ్తే వాంతులు, లేనిపోనివి కళ్ళకి కనబడటం. మా మేనల్లుడికి నాలుగేళ్ళు, వాడు టేబుల్ మీద కవర్ చింపేసరికి నా గుండె జారిపోయింది, చూస్తే అదృష్టం కొద్దీ సబ్జా. తినకూడదు అని ఒక్క ముక్క ప్యాకెట్ మీద ఎక్కడా లేదు.

నాకు మీరిస్తానన్న 50 రూపాయల కూపన్ వద్దు, మళ్ళీ మీ దగ్గరే కొనాలి కదా దాంతో. 358 రూపాయలు వెనక్కి వెయ్యండి. ఆ ప్యాకెట్లలో ఏ రకం వేశారో, ఎక్కడ కలిసిపోయిందో రాతపూర్వకంగా చెప్పండి. సైట్‌లో ఆ నీలం బొమ్మ తీసేయండి, ఇప్పటికీ అలాగే ఉంది, నిన్న కూడా చూశా. తినకూడదని పెద్ద అక్షరాల్లో రాయండి, సబ్జాని వేరే కవర్లో పంపండి.

ఖాళీ ప్యాకెట్లు రెండూ, స్టిక్కర్ పీకిన ఫొటో, టార్చి లైట్‌లో తీసిన మొగ్గ వీడియో, ఆ 5 గింజలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు అడిగితే గింజల్లో మూడు పంపిస్తా, రెండు ఉంచుకుంటా, మీ మీద నాకు అంత నమ్మకం లేదు. పదిహేను రోజులు చూస్తాను, తర్వాత 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెడతా. ఫోన్ చేస్తే పొద్దున తొమ్మిది దాటాక చెయ్యండి, అంతకుముందు అత్తగారు పూలు కోస్తుంటారు, ఫోన్ ఆవిడ ఎత్తితే కాశీరత్నం పంపినందుకు మీకు థ్యాంక్స్ చెప్పేస్తారు.

ఇట్లు,
మీ కస్టమర్, రాజమండ్రి