ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చాక మీ జిల్లా పేజీలో ఐటీఐ ప్రవేశాల వార్త చదివాను. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఖర్చు తక్కువ, ఉపాధి త్వరగా దొరుకుతుంది అని రాశారు. నేను కోరుట్లలో బట్టలు కుడతాను. మా అబ్బాయి ఈ ట్రేడు పాసై ఇప్పుడు హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉన్నాడు. వాడి చదువుకు లెక్క రాసింది నేనే కాబట్టి, ఈ ఏడాది పిల్లల్ని చేర్పించబోయే వాళ్ల కోసం ఆ లెక్క చెప్తున్నాను.

ప్రభుత్వ ఐటీఐలో ఒక్కో యూనిట్‌కు, అంటే ఒక్కో బ్యాచ్‌కు, 20 సీట్లే. పదో తరగతి మార్కులు చూసి ఇస్తారు. మావాడికి రాలేదు. ప్రైవేటులో ఏడాదికి 20,000 చొప్పున రెండేళ్ల ఫీజు కట్టాం. బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు, యూనిఫాం, మల్టీమీటర్, కటింగ్ ప్లేయర్, టెస్టర్ అన్నీ కలిపితే 70,000 దాకా అయింది. దీనికి మహిళా సంఘంలో లోను తీసుకున్నాను. ఇది అందరికీ కనపడే ఖర్చు.

కనపడనిది ఇంకోటి ఉంది. మావాడితో పదో తరగతి చదివిన పిల్లవాడు చదువు ఆపి ఒక మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేరాడు. రోజుకు 400 వచ్చేవి. నెలకు 25 రోజులు పని దొరికినా రెండేళ్లలో 2,40,000. మా ఇంటికి ఆ డబ్బు రాలేదు కదా, అది కూడా ఖర్చే. రెండూ కలిపితే మూడు లక్షలు దాటింది. వాళ్లింట్లో ఆ డబ్బుతో అక్క పెళ్లి అప్పు తీరింది. పిల్లవాణ్ని పనికి పంపిన తల్లిదండ్రుల్ని తెలివి తక్కువ వాళ్లనడం నాకు నచ్చదు.

అయినా నేను చదివించాను. కారణం మా ఆయన. సౌదీలో హెల్పర్‌గా 900 రియాల్స్‌కు పని చేశారు. అదే సైటులో, అదే కేబుల్ లాగుతూ, సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్ 1,500 తీసుకునేవాడు. ఆ 600 రియాల్స్ తేడా మన డబ్బుల్లో నెలకు 13,000 పైమాటే. మూడు లక్షలు రెండేళ్లలో తీరిపోతాయి. ఇక్కడ జూనియర్ లైన్‌మన్ పోస్టుకు దరఖాస్తు పెట్టాలన్నా పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ, లేదంటే ఇంటర్ ఒకేషనల్ గానీ ఉండాలి. ఆ తర్వాతే స్తంభం ఎక్కే పరీక్ష. హెల్పర్‌గా ఎన్నేళ్లు చేసినా ఆ గేటు తెరుచుకోదు. మూడు నెలల కోర్సు చేసి ఇదీ ఐటీఐ లాంటిదే అనుకునే వాళ్లు దయచేసి ఈ సంగతి గమనించాలి.

ఇక అప్రెంటిస్ ఏడాది. చదువు అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపే అసలు టెన్షన్ మొదలైంది. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 స్టైపెండ్ అని పెట్టారు. మావాడికి 8,000 ఇస్తున్నారు. గదికి, తిండికి 6,500 పోతాయి. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. మావాడి చేతికి మాత్రం ఆ పెంపు రాలేదు. వాడి స్నేహితులు కొందరు మధ్యలోనే మానేసి ఊరికొచ్చారు. రెండేళ్లు కష్టపడి చదివిన పిల్లలు వాళ్లు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మా ఊళ్లో చూస్తున్న సంగతి. బల్బు, ఫ్యాను, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప, వైరింగ్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతి మీదుగానే జరగాలి, చేసేవాళ్లకు పర్మిట్ ఉండాలి అని కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు చెప్తున్నాయి. మా వీధిలో కొత్త ఇంటికి కనెక్షన్ కోసం పెట్టిన టెస్ట్ రిపోర్టు మీద సంతకం చేసిన కాంట్రాక్టరు ఆ ఇంటి గడపే తొక్కలేదు. వైరింగ్ చేసింది ఎర్తింగ్, అంటే షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి పంపే తీగ, ఎందుకో కూడా తెలియని పిల్లలు. వానాకాలంలో గోడ ముట్టుకుంటే షాక్ కొడుతోందని ఆ ఇల్లాలు నా దగ్గరే చెప్పుకుంది. చదివినవాడికీ చదవనివాడికీ తేడా ఎవరూ అడగకపోతే, మేం పెట్టిన మూడు లక్షలకు ఈ ఊళ్లో విలువేముంది? మా పిల్లలు మళ్లీ విమానం ఎక్కాల్సిందేనా?

పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78,000 రాయితీ ఇస్తోంది. ఇళ్ల మీద పలకలు పెరిగేకొద్దీ ఎర్తింగ్, ఇన్వర్టర్ పని తెలిసిన వాళ్ల అవసరం పెరుగుతుంది. మన ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం సంతోషమే. కొత్త మెషిన్లతో పాటు అప్రెంటిస్ పిల్లలకు ఉండడానికి హాస్టల్ కూడా ఇవ్వాలని కోరుతున్నాను. విద్యుత్ అధికారులు కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు ఎర్తింగ్ పరీక్షించాలి, పని చేసినవాడి పర్మిట్ నంబరు అడగాలి. ప్రైవేటు ఐటీఐలు మొత్తం ఫీజు ఎంత, కిందటేడు ఎంతమందికి అప్రెంటిస్ దొరికింది అనేవి అడ్మిషన్ రోజే కాగితం మీద రాసివ్వాలి. మీ విలేకరులు ఈ మూడు విషయాల మీద జగిత్యాల అధికారులను అడిగి, వాళ్లు ఏం చెప్పారో మీ జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక తల్లి, టైలర్,
కోరుట్ల, జగిత్యాల జిల్లా