దసరాకు ఒక జత గ్లౌజులు: కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా అమ్మ ఊరి చివర ఒక ప్రైవేటు షెడ్డులో చెత్త వేరుచేసే పనికి పోతుంది. అట్టలు ఒక దిక్కు, పాల కవర్లు ఒక దిక్కు, నీళ్ల బాటిళ్లు ఒక దిక్కు. పోయిన నెల ఆ కుప్పలోని ఇంజెక్షన్ సూది ఆమె అరచేతిలో దిగింది. షెడ్డులో దొరికిన మందు పసుపు. టీటీ మేమే వేయించుకున్నాం.

"గ్లౌజులు ఇయ్యలేదామ్మా?" అంటే, "దసరాకు ఒక జత ఇచ్చినారు నాయనా, సంక్రాంతికి ముందే చినిగిపాయె" అని నవ్వింది.

చెత్త ముట్టే కార్మికులకు గ్లౌజులు, మాస్కులు, బూట్లు, యూనిఫాం ఇప్పించాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పారు. ఆస్పత్రి సూదులు మామూలు చెత్తలో కలపరాదని అదే ఏడాది ఇంకో నియమావళి వచ్చింది. కాగితం మీద మనకు కొరతేమీ లేదు.

నాకు సూది కంటే అట్టలు నొక్కే మిషన్ అంటేనే ఎక్కువ భయం. పని తొందరగా సాగాలని దాని ముందుండే రక్షణ తలుపు తీసేశారు. పాత ఫోన్ల బ్యాటరీలు అట్టల్లో కలిసే వస్తాయి. లిథియం బ్యాటరీ నలిగితే దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. ఆ రేకుల షెడ్డుకు ఉన్నది ఒకే వాకిలి, మంటలార్పే సిలిండర్ ఒక్కటీ లేదు.

వాడిన సూదుల వల్ల సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-బి రాకుండా కార్మికులకు టీకాలు వేయించండి. మిషన్‌కు తలుపు, షెడ్డుకు రెండో దారి పెట్టించండి. కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటిన ఒక మధ్యాహ్నం మీరే రండి, చెప్పకుండా రండి. చెప్పి వస్తే ఆ ఒక్కపూటకు కొత్త గ్లౌజులు వస్తాయి.

ఇట్లు,
ఒక కార్మికురాలి కొడుకు